మా ఇంటి కొలిమితిత్తి

మా అన్నయ్యని చెడ్డవాడని ఎవరూ అనరు. తాగడు, పేకాడడు, పెళ్ళాం మీద చెయ్యి చేసుకున్న పాపాన పోలేదు. నలుగురిలో నెమ్మదస్తుడని పేరు. ఆ పేరు వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. గొంతు పెంచకుండా, మొహం మీద నవ్వు చెరగకుండా మనిషిని నిలువునా నలిపెయ్యొచ్చని నేను మా ఇంట్లోనే చూశాను. తోడబుట్టినదానివై ఉండి ఇలా మాట్లాడొచ్చా అని అడిగేవాళ్ళుంటారు. తోడబుట్టాను కాబట్టే మాట్లాడుతున్నాను.

చెప్పాలనుకున్నది మా వదిన గురించి. అయితే ముందు అన్నయ్య ఉద్యోగం గురించి నాలుగు ముక్కలు చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

మా ఊళ్ళో డబ్బున్నవాళ్ళ క్లబ్బు ఒకటుంది. అందులో ఈతకొలను నీళ్ళు చూసుకోవడం అన్నయ్య పని. ఈతకొచ్చేవాళ్ళకి తువ్వాళ్ళూ లాకర్ తాళాలూ ఇచ్చే కౌంటర్లో నేను కూర్చుంటాను. అమ్మ అన్నయ్య దగ్గరే ఉంటుంది, నేను వేరే ఇంట్లో ఉంటాను. రోజూ పొద్దున్నే అన్నయ్య కొలను గట్టున గొంతుక్కూచుని, మోచేతి దాకా చెయ్యి ముంచి, చిన్న గాజు గొట్టంలో నీళ్ళు పట్టి, అందులో ఎర్రమందు చుక్కలు వేసి, ఊపి, వెలుతురుకెత్తి చూస్తాడు. రంగు నారింజకీ గులాబీకీ మధ్యన తేలితే పీహెచ్ సరిగ్గా ఉన్నట్టు. పీహెచ్ అంటే నీళ్ళలో పులుపు ఏపాటిదో చెప్పే అంకె. అంకె తగ్గేకొద్దీ పులుపు పెరుగుతుంది. కొలను నీళ్ళకైతే ఏడు పాయింట్ రెండు నుంచి ఏడు పాయింట్ ఆరు లోపల ఉండాలి. ఆ గొట్టం పట్టుకుని నిలబడ్డప్పుడు అన్నయ్య మొహం చూడాలి, తనే నీళ్ళని కనిపెట్టినట్టు ఉంటాడు. క్లబ్బులో అందరూ అతన్ని చుక్కల సారు అంటారు.

నిజానికి ఇంకో పరీక్ష కూడా చెయ్యాలి. నీళ్ళలో యాసిడ్ పడ్డప్పుడు పీహెచ్ ఒక్కసారిగా పడిపోకుండా ఆ యాసిడ్‌ని మింగేసే సరుకు ఒకటి నీళ్ళలోనే కరిగి ఉంటుంది. దాన్ని ఆల్కలినిటీ అంటారు. అది ఉన్నన్నాళ్ళూ ఏం పోసినా నీళ్ళు కిమ్మనవు. అది అడుగంటిందంటే మాత్రం ఒక్క మగ్గు యాసిడ్‌కే కొలను మొత్తం తిరగబడుతుంది. అదెంత మిగిలిందో చూడాలంటే వేరే సీసా ఉంది. ఒక్కో చుక్కా వేస్తూ, రంగు మారేదాకా ఓపిగ్గా నిలబడాలి. అన్నయ్య ఆ సీసా మూత తియ్యగా నేను చూడలేదు.

"పైకి అంకె బాగుంటే లోపల ఎందుకు కెలకడం? చాదస్తం కాకపోతే" అనేవాడు.

ఒక ఎండాకాలం అదే జరిగింది. పొద్దున చూస్తే రంగు బంగారంలా ఉంది. అంకె పైకి పోకుండా మధ్యాహ్నం మామూలుగా పోసే యాసిడే పోశాడు. గంట తిరక్కుండా నీళ్ళలో ఉన్నవాళ్ళంతా కళ్ళు నులుముకుంటూ కేకలేస్తూ పైకొచ్చేశారు. పలకల మధ్య అతుకు సిమెంటు కూడా నీళ్ళు తినేశాయి. లోపల సరుకు ఎప్పుడో అయిపోయిందని అన్నయ్యకి అప్పుడు అర్థమైంది. కానీ గట్టు కడిగే ఆవిడ బాత్రూముల యాసిడ్ తెచ్చి కొలనులో ఒలకబోసిందని కమిటీకి చెప్పాడు. అదీ ఎంతో జాలిగా, "పాపం, చదువు లేని మనిషి, తెలియక చేసుంటుంది లెండి" అన్నాడు. ఆవిడని మర్నాడే తీసేశారు. వెళ్ళేముందు ఆవిడ నా కౌంటర్ దగ్గరికొచ్చి, తన మీద దయ చూపించాడని అన్నయ్యకి దణ్ణాలు చెప్పమంది.

ఇదీ మా అన్నయ్య. ఇలాంటివాడి చేతిలో పడింది వదిన.

వదిన బట్టలు బాగుచేసేది. కొత్తవి కుట్టడం తక్కువ, పాతవాటికి ప్రాణం పొయ్యడం ఎక్కువ. జిప్పులు మార్చడం, చిరిగిన జేబులు అతకడం, పొడుగు ప్యాంట్లు కురచ చెయ్యడం. ముందుగదిలో కిటికీ పక్కన మిషను. నోటినిండా గుండుసూదులు పెట్టుకుని, పెదాల సందులోంచే మాట్లాడేది. వీధిలో ఎవరి నడుం ఎంత పెరిగిందో ఆవిడకి తెలుసు. "మీ క్లబ్బు సెక్రటరీ గారి ప్యాంటు మళ్ళీ వదులు చేశానమ్మడూ. ఇంక వదులు చెయ్యడానికి గుడ్డ లేదు, ఆయన్నే కొంచెం కురచ చెయ్యాలి" అని నవ్వించేది. పిల్లల్లేరు. దాని గురించి మా అమ్మ అనని మాట లేదు. వదిన ఆ మాటలన్నీ మింగేసి మిషను తొక్కుతూ కూర్చునేది.

"నీకు కోపం రాదా వదినా?" అని ఒకసారి అడిగాను.

"రాకేం? వస్తుంది. వచ్చినప్పుడు జిప్పులు ఊడబీకుతాను" అంది.

రోజంతా వంగి కూర్చోవడంతో నడుం నొప్పి పట్టుకుంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమంటే అన్నయ్య మందులషాపుకెళ్ళి నొప్పి బిళ్ళలు తెచ్చేవాడు. "వేసుకుని పని చూసుకో" అనేవాడు. ఆవిడ వేసుకుంది. ఏళ్ళ తరబడి అన్నం తిన్నంత మామూలుగా వేసుకుంది. ఆ బిళ్ళలు నడుం నొప్పిని తగ్గిస్తూ తగ్గిస్తూ లోపల మూత్రపిండాలని తినేశాయి. ముందు పాదాలు వాచాయి. తర్వాత నోరు చేదెక్కి ముద్ద దిగడం మానేసింది. ఆ తర్వాత ఊపిరి మొదలైంది.

ఆయాసం అందామంటే అది మామూలు ఆయాసంలా లేదు. ఎగరొప్పడం కాదు. కుర్చీలో కదలకుండా కూర్చున్న మనిషి మేడమెట్లు ఎక్కొచ్చినట్టు లోతుగా, పొడుగ్గా, ఆపకుండా ఊపిరి తీసి వదులుతూ ఉండేది. పక్కగదిలోకి వినిపించేది. మా అమ్మ రెండ్రోజులు విని, మూడోనాడు పేరు పెట్టేసింది.

"అదిగో, మొదలెట్టింది కొలిమితిత్తి. అంతా నటన."

అన్నయ్య దాన్ని ఇంకా ముద్దుగా కురచ చేశాడు. "తిత్తీ, మంచినీళ్ళు. తిత్తీ, నా చొక్కా ఎక్కడ?" ఇంటికొచ్చిన చుట్టాల ముందు కూడా అదే పిలుపు. చుట్టాలు నవ్వేవాళ్ళు. వదినా నవ్వేది. "నేను ఊదబట్టే కదర్రా మీ పొయ్యి వెలుగుతోంది" అని, మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుని మరీ అనేది. నవ్వేవాళ్ళ మీదకంటే ఆవిడ మీదే నాకు ఎక్కువ కోపం వచ్చేది ఒక్కోసారి.

ఒక శుక్రవారం కూరల బజారుకని చెప్పి వదినని ఆస్పత్రికి తీసుకెళ్ళాను. ఇంట్లోవాళ్ళు నటన అంటున్నారని నేను చెబుతుండగానే మూత్రపిండాల డాక్టరమ్మ వదినకి పరీక్షలు మొదలుపెట్టింది. మణికట్టు దగ్గర లోతుగా ఉండే రక్తనాళంలోంచి రక్తం తీశారు. అది బాగా నొప్పి పుట్టే సూది. వదిన పళ్ళు బిగించి, "ఇది మా గుండుసూదికి చిన్నచెల్లెలు" అంది. కాసేపటికి డాక్టరమ్మ, భర్తని వెంటనే రమ్మనమని నాతో ఫోను చేయించింది.

అన్నయ్య క్లబ్బు బట్టల్లోనే వచ్చాడు. ఏమైందని కూడా అడక్కుండా బల్ల మీదున్న రిపోర్టు తీసి చూశాడు. చూస్తూండగానే అతని మొహం వెలిగిపోయింది.

"పీహెచ్ ఏడు పాయింట్ రెండు ఎనిమిది ఉంది కదండీ డాక్టరుగారూ! బ్రహ్మాండంగా ఉంది."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి అతనికేసి చూసింది. "మీరేం చేస్తుంటారు?"

"స్విమ్మింగ్ పూల్ చూసుకుంటానండీ. ఏడు పాయింట్ రెండు దాటితే ఇంక బెంగ లేదు. మా నీళ్ళు రోజూ ఇలా ఉంటే మా సెక్రటరీ నాకు సన్మానం చేస్తాడు."

"అది నీళ్ళకండీ. రక్తానికి అంత సందు లేదు. ఏడు పాయింట్ మూడు అయిదుకి దిగువకి పోకూడదు. అంకెలో ఈ కాస్త తేడా మీకు చిన్నగా కనిపిస్తుంది కానీ ఒంటికి చాలా పెద్దది. సరే, మీ కొలనులో యాసిడ్ పోసినా పీహెచ్ పడిపోకుండా పట్టుకునేది ఏదో ఉంటుందిగా?"

"ఆల్కలినిటీ అండీ. అది మేం పెద్దగా పట్టించుకోం."

"ఇక్కడ దాన్నే పట్టించుకోవాలి" అంది డాక్టరమ్మ.

అప్పుడావిడ మా ముగ్గురికీ అర్థమయ్యేలా చెప్పింది. మనం తిన్నా, నడిచినా, ఊరికే కూర్చున్నా ఒంట్లో యాసిడ్ పుడుతూనే ఉంటుంది. దాన్ని అప్పటికప్పుడు పట్టి మింగెయ్యడానికి రక్తంలో బైకార్బొనేట్ అని ఒకటుంటుంది. రక్తంలోని ఎర్రకణాలూ మాంసకృత్తులూ కూడా ఒక చెయ్యి వేస్తాయి. బైకార్బొనేట్ యాసిడ్‌తో కలిస్తే గాలిగా మారుతుంది, ఆ గాలిని ఊపిరితిత్తులు బయటికి ఊదేస్తాయి. ఖర్చయిన బైకార్బొనేట్‌ని మూత్రపిండాలు మళ్ళీ తయారుచేసి పెడతాయి. మనిషి పుట్టిన దగ్గర్నుంచీ పోయేదాకా ఈ పని మనకి తెలియకుండానే జరిగిపోతూ ఉంటుంది.

"ఈవిడ మూత్రపిండాలు చేతులెత్తేశాయి. బైకార్బొనేట్ సగానికన్నా దిగువకి పడిపోయింది. సరిపోక ఎముకల్ని కూడా కరిగించుకుని వాడుకుంటోంది ఒళ్ళు. ఇంకా ఈ అంకె ఇక్కడ నిలబడిందంటే ఆ ఊపిరి వల్లే. ఒంట్లో మిగిలిన పులుపుని ఆవిడ ఊది ఊది బయటికి పంపుతోంది. ఆవిడ నటించడం లేదండీ, మునిగిపోకుండా ఈదుతోంది. ఇవాళే చేర్పించండి, డయాలసిస్ మొదలుపెడదాం."

వదిన ఒళ్ళో చేతులు పెట్టుకుని వింటోంది. ఎవరో తన తరఫున మాట్లాడటం ఆ ఇంటికొచ్చాక అదే మొదటిసారేమో, డాక్టరమ్మకేసి అలా చూస్తూ ఉండిపోయింది.

అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. "సోమవారం చేర్పిస్తానండీ. ఆదివారం మా సెక్రటరీ గారు భోజనానికొస్తున్నారు. క్లబ్బుకి రెండో కొలను కడుతున్నారు. రెండిటికీ కలిపి ఒక పెద్దని పెడతారు. ఆ మాట మాట్లాడుకోవడానికే వస్తున్నారు. ఇంట్లో వండేది ఈవిడే."

డాక్టరమ్మ రిపోర్టు అతని చేతిలోంచి లాక్కుంది. "ఆవిడ వంట చెయ్యడం కాదు, ఆదివారం దాకా ఉండటమే గొప్ప" అంది. అన్నయ్య నవ్వుతూనే తలూపాడు, కానీ చేర్పించే కాగితం మీద సంతకం పెట్టలేదు. చివరికావిడ బిళ్ళలు రాసిచ్చి, నన్ను పక్కకి పిలిచింది.

"ఇంట్లో నిద్రమాత్రలున్నాయా?"

"మా అమ్మ వేసుకుంటుందండీ."

"వాటిని ఈవిడ దరిదాపుల్లోకి రానివ్వకండి. దగ్గుకనీ నిద్రకనీ మత్తుమందు ఏదీ ఇవ్వద్దు. ఆ ఊపిరి నెమ్మదించిందంటే అర్థం బాగుపడిందని కాదు. ఇప్పుడావిడకి ఉన్న మందు అదొక్కటే."

ఈ మాటని నేను ఇంటికెళ్ళి అన్నయ్యకి చెప్పాను, అమ్మకి చెప్పాను. అన్నయ్యకి ఇంకోసారి చెప్పాను. ఇద్దరూ విన్నారు. విన్నామని తలలూపారు కూడా.

ఆస్పత్రి నుంచి వచ్చేటప్పుడు ఆటోలో వదిన నా చెయ్యి పట్టుకుంది. అరచెయ్యి చల్లగా, చెమటగా ఉంది. "అమ్మడూ, నాకు చావాలని లేదే" అంది. ఏ వేళాకోళమూ లేకుండా ఆవిడ నాతో అన్న మొదటి మాట అది. నేను ఏదో ధైర్యం చెప్పబోయాను. ఆవిడే మళ్ళీ సర్దుకుని, "సోమవారం దాకా ఊపిరి పీల్చడమే కదా. పీలుస్తాలే. ఆ పని వచ్చు నాకు" అంది.

శనివారం డ్యూటీ దిగి అన్నయ్య వాళ్ళింటికెళ్ళేసరికి వదిన స్టూలెక్కి కిటికీ తెరలు తగిలిస్తోంది. ఒక్కో కొక్కెం తగిలించడం, స్టూలు అంచు పట్టుకుని ఊపిరి తీసుకోవడం. కింద మా అమ్మ కుర్చీలో కూర్చుని ఏ తెర వంకరగా ఉందో చెబుతోంది. నేను వదినని దింపి, తెరలు నేనే తగిలించి, అన్నయ్యతో పోట్లాటకి దిగాను.

"ఇప్పుడే తీసుకెళ్దాం అన్నయ్యా. భోజనం హోటల్నించి తెప్పిద్దాం. వంట నేను చేస్తాను, పోనీ."

"నీ వంట తింటే ఉన్న ఉద్యోగం కూడా ఊడుతుంది" అన్నాడు నవ్వుతూ. "రిపోర్టు నేనూ చూశానే. నీకంటే నాకు తెలీదా పీహెచ్ అంటే? డాక్టర్లన్నాక భయపెట్టకపోతే ఎలా?"

"డాక్టరమ్మ ఆ అంకె చూడద్దంది కదా!"

"అంకె చూడకపోతే ఇంకేం చూస్తాం?"

అమ్మ అందుకుంది. "మా రోజుల్లో ఊపిరి పీలుస్తున్నారని ఎవర్నీ ఆస్పత్రిలో చేర్చలేదమ్మా. పీల్చడం మానేస్తే చేర్చేవాళ్ళు." అని తన మాటకి తనే నవ్వుకుంది. అన్నయ్య కూడా నవ్వాడు. వదిన వంటింట్లో గిన్నెలు సర్దుకుంటోంది, వినపడనట్టుగా. రెక్క పట్టుకుని లాక్కుపోదామని లోపలికెళ్ళాను. "వద్దులే, గొడవైపోతుంది. గొడవ పడే ఓపిక కూడా లేదు నాకు. సోమవారం పొద్దున్నే వచ్చెయ్. ముందు నువ్వే రా" అంది. సంచీలో బట్టలు అప్పటికే సర్దుకుని వంటింటి తలుపు వెనక పెట్టుకుంది.

ఆదివారం క్లబ్బులో ఊపిరాడని రద్దీ. నాకు సెలవివ్వలేదు. తువ్వాళ్ళు ఇస్తూ, తాళాలు తీసుకుంటూ ఉంటే సెక్రటరీ గారు కారెక్కడం కౌంటర్లోంచి కనిపించింది. కారు మా వాళ్ళ వీధి వైపే తిరిగింది. ఒకాయనకి ఆడవాళ్ళ గది తాళం ఇచ్చేసి తిట్లు తిన్నాను.

డ్యూటీ అవగానే ఆటో ఎక్కాను. నేను వెళ్ళేసరికి సెక్రటరీ గారి కారు లేదు. అన్నయ్య గుమ్మంలో నిలబడి, పళ్ళ సందులు పుల్లతో కుట్టుకుంటున్నాడు. మనిషి వెలిగిపోతున్నాడు.

"ఖాయమేనే. రెండు కొలనులూ నావే. వంట అదిరిందన్నారు."

"వదినేదీ?"

"పడుకుంది. విను, ఎంత నిశ్శబ్దంగా ఉందో! తిత్తి ఆగిపోయింది."

నిజమే. ఇంట్లో ఏ చప్పుడూ లేదు. లోపలికి నడుస్తుంటే వెనకాల అమ్మ జరిగిందంతా చెప్పుకొస్తోంది, కొడుకు తెలివికి మురిసిపోతూ. వదిన వడ్డించడానికి వచ్చి గోడకానుకుని నిలబడి ఊదుతోందట. సెక్రటరీ గారు తినడం ఆపి, "ఆవిడకి ఒంట్లో బాగోలేదా?" అన్నారట. అన్నయ్యకి తల కొట్టేసినట్టయిందట. వదినని లోపలికి తీసుకెళ్ళి, అమ్మ నిద్రమాత్రలు రెండు చేతిలో పెట్టాడట. "డాక్టరమ్మ వద్దన్నారండీ" అందట వదిన. "ఒక్క గంట. నాకోసం. మళ్ళీ ఎప్పుడూ ఏమీ అడగను" అన్నాడట, ఎంతో నెమ్మదిగా. వదిన అతనికేసి కాసేపు చూసిందట. మింగేసిందట.

"అంతే, పావుగంటకి పసిపాపలా నిద్రపోయింది. చూశావా, నటన కాకపోతే బిళ్ళతో ఎలా ఆగుతుంది?" అంది అమ్మ.

వదిన పక్కకి తిరిగి పడుకునుంది. దగ్గరికెళ్ళి వంగితే కానీ ఊపిరి తెలియలేదు. అంతంత లోతుగా తీసిన మనిషి, ఇప్పుడు ఈక కూడా కదలనంత పల్చగా తీస్తోంది. పెదాలు నీలంగా తిరిగాయి. భుజాలు పట్టి కుదిపాను, చెంపల మీద కొట్టాను, "ఊదు వదినా, ఊదు" అని చెవిలో అరిచాను. కళ్ళు సగం తెరిచి నావైపు తిప్పింది. నన్ను గుర్తుపట్టిందో లేదో నాకు తెలియదు. ఇద్దరు పక్కింటివాళ్ళని కేకేసి ఆటోలో వేసుకెళ్ళాను. అన్నయ్య చెప్పులు వెతుక్కుని తర్వాత వచ్చాడు.

ఆస్పత్రిలో గొంతులోకి గొట్టం వేశారు. గుండె మీద చేతులతో నొక్కారు. రక్తం తీసి చూసిన డాక్టరు, పీహెచ్ ఏడుకి దిగువకి పోయిందని అరుస్తూ అటూ ఇటూ పరిగెత్తాడు. ఊదే పని ఆగిపోయేసరికి లోపల దాచిన పులుపంతా ఒక్కసారిగా ఆవిడ మీద పడింది. పట్టుకోవడానికి రక్తంలో ఏమీ మిగల్లేదు. గుండె కూడా ఆగింది. చీకటి పడకముందే అంతా అయిపోయింది.

అన్నయ్య ఆ డాక్టరు దగ్గరికెళ్ళి నిలబడ్డాడు. "ఎలా కుదురుతుందండీ? మొన్న శుక్రవారం ఏడు పాయింట్ రెండు ఎనిమిది ఉంది. నేను స్వయంగా చూశాను" అని వాదించాడు. భార్య పోయిందన్నదానికంటే ఆ అంకె తనని మోసం చేసిందన్నదే అతనికి ఎక్కువ బాధగా ఉన్నట్టుంది. డాక్టరు ఏం మందులిచ్చారని అడిగాడు. అన్నయ్య నావైపు ఒకసారి చూసి, మీ డాక్టరమ్మ రాసిన బిళ్ళలేనండీ అన్నాడు. నేను ముందుకొచ్చి నిద్రమాత్రల మాట చెప్పాను. డాక్టరు రాసుకున్నాడు. రాసుకుని, "తెలియక ఇచ్చుంటారు" అన్నాడు, జాలిగా.

మర్నాడు, వదినని తీసుకెళ్ళిపోయాక, ముందుగది నిండా జనం. మిషనుని గోడ వారకి నెట్టేసి కుర్చీలు వేశారు. ఒక ప్యాంటుకి సగం ఊడదీసిన జిప్పు అలాగే వేలాడుతోంది, ఎవరిదో. వదిన నాతో ఆస్పత్రికి రావాల్సిన సోమవారం నాడు నేను ఆ కుర్చీల్లో ఒకదాన్లో కూర్చుని ఉన్నాను.

అన్నయ్య వచ్చినవాళ్ళందరికీ ఒకే మాట చెబుతున్నాడు. తడిగొంతుతో, అందంగా చెబుతున్నాడు. "ఎన్నాళ్ళ నుంచో ఆయాసంతో నరకం చూసిందండీ. చివరిరోజు మాత్రం హాయిగా నిద్రపోయింది. నా చేతుల్తో మందిచ్చి పడుకోబెట్టాను."

"పుణ్యాత్మురాలు. అవస్థ పడకుండా వెళ్ళిపోయింది" అన్నారెవరో. "నువ్వు దగ్గరుండి చూసుకున్నావ్ నాయనా" అన్నారు ఇంకొకరు. సెక్రటరీ గారు అన్నయ్య రెండు చేతులూ పట్టుకుని, ఒక వారం ఆగి కొత్త పనిలో చేరితే చాలని, ఆ కుర్చీ ఎక్కడికీ పోదని చెప్పారు. ఆవిడ వడ్డించిన చెయ్యి ఇంకా కళ్ళముందే ఉందన్నారు.

నేను లేచి నిలబడ్డాను. డాక్టరమ్మ ఏం చెప్పిందో, నేను ఎన్నిసార్లు చెప్పానో, ఎవరి మాత్రలు, ఎవరు ఎందుకు మింగించారో, ఆ గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ వినపడేలా చెప్పాను. హాయిగా నిద్రపోలేదు, ఆ నిద్రే చంపింది అన్నాను. చెబుతుంటే నా గొంతు నాకే వినపడనంతగా ఏడుపొచ్చింది. ఊపిరి అందక రొప్పుతున్నాను, అయినా ఆపలేదు.

ఒకరిద్దరు తలలు దించుకున్నారు, నా మాటకి కాదు, నా అరుపుకి సిగ్గుపడి. సెక్రటరీ గారు గోడకేసి చూస్తున్నారు. అన్నయ్య కళ్ళనిండా నీళ్ళతో, ఓర్పుగా నన్ను చూస్తున్నాడు.

మా అమ్మ కుర్చీలోంచి కదలకుండా నిట్టూర్చింది. "వదినంటే ప్రాణం దీనికి, మతి చలించింది. ఎలా రొప్పుతోందో చూడు. ఒరేయ్, నా డబ్బాలోంచి ఒక బిళ్ళ తెచ్చి దీనికి వెయ్యరా, కాసేపు పడుకుంటుంది" అంది.

అవునవునన్నారు నలుగురూ. అన్నయ్య కళ్ళు తుడుచుకుని లేచి లోపలికెళ్ళాడు.